పెరటి పాయఖానా తవ్వకం

ఇంగ్లండులో పాత పట్టణం నడిబొడ్డున ఇల్లున్నవాళ్ళు పెరట్లో కొత్తగా ఒక వంటగది వేసుకోవాలనుకుంటే, తాపీమేస్త్రీ కంటే ముందు నాలాంటి వాళ్ళకు డబ్బు కట్టాల్సి రావచ్చు. మేం ప్రభుత్వ పురావస్తు శాఖ ఉద్యోగులం కాము. కాంట్రాక్టు మీద తవ్వి, రాసి, రిపోర్టు ఇచ్చి వెళ్ళిపోయే ప్రైవేటు సంస్థల మనుషులం. 1990 నవంబరులో ఇక్కడి ప్రభుత్వం పీపీజీ 16 అనే ప్లానింగ్ మార్గదర్శకం తెచ్చింది. నేలలో పాత అవశేషాలు ఉండే వీలుంటే కట్టడానికి ముందే వాటి సంగతి తేల్చాలి, ఖర్చు కట్టుకునేవాళ్ళదే అన్నది దాని సారం. తర్వాత ఆ కాగితం పేరు మారింది, 2012లో జాతీయ ప్లానింగ్ విధానంలో కలిసిపోయింది. నా జీతం మాత్రం ఇప్పటికీ ఆ దారినే వస్తోంది. ఈ దేశంలో జరిగే తవ్వకాల్లో ఎక్కువ భాగం ఈ బాపతువే. విశ్వవిద్యాలయాల వాళ్ళు ఎండాకాలం సెలవుల్లో తవ్వుతారు. మేం జనవరి వానలో తవ్వుతాం.

నేను పుట్టి పెరిగింది పెద్దపల్లి వైపు. పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల మాకు పుస్తకాల్లో పేర్లు కావు, బస్సు ఆగే ఊళ్ళు. ఆ పాటిగడ్డల మీద శాతవాహనుల నాణేలు, ఇటుక బావులు, మట్టి గాజుల బావులు దొరికాయని విని ఈ చదువులోకి వచ్చాను. అలాంటి పిల్ల ఇప్పుడు సెవెర్న్ నది పారే ష్రాప్‌షైర్‌లో, ఒక చిన్న సంత పట్టణంలో, రెండు మూడు వందల ఏళ్ళ నాటి దొడ్డిగదిని తవ్వుతోందంటే మా అమ్మకు మింగుడుపడలేదు.

“గంత సదువు సదివి, గంత దూరం పొయ్యి, దొరల పాయఖానలు తవ్వుతున్నవా బిడ్డా?”

“దొరలవి కాదమ్మా, తోళ్ళ యాపారం చేసెటోళ్ళవి.”

“గదింకా మంచిగున్నది.”

ఆ ఇల్లు, ఆ వీధి పేరు చెప్పకూడదు. ఇంటివాళ్ళతో ఒప్పందం అలాంటిది. రూపం మాత్రం చెబుతాను, ఎందుకంటే ఆ కౌంటీలో ఏ పట్టణానికి వెళ్ళినా అదే రూపం. వీధి మీంచి చూస్తే 18వ శతాబ్దపు ఎర్ర ఇటుక, వరస తప్పని కిటికీలు, మధ్యలో హుందాగా ఒక తలుపు. పక్కనున్న సన్నటి సందులోంచి లోపలికి నడిస్తే ఆ ఇటుక అరగజం కూడా ఉండదు. దాని వెనక ఉన్నది అంతకు వందేళ్ళ ముందటి కర్రదూలాల ఇల్లే. డబ్బు చేతికొచ్చినప్పుడు ముఖానికి ఇటుక తొడుక్కున్నారు. స్థలం కొలతలు ఇంకా పాతవి. మధ్యయుగంలో పట్టణం వేసినప్పుడు వీధికి తక్కువ ముఖం, వెనక్కి బారెడు లోతు ఉండేలా ప్లాట్లు కోశారు. ఆ గోడల గీతలు నేటికీ చాలావరకు కదల్లేదు. ఆ పొడవాటి పెరట్లోనే బావి, పందుల దొడ్డి, గుర్రాల చావడి, బొగ్గుల కొట్టు, సారాయి కాదుగానీ బీరు కాచుకునే గది, బట్టలుతుక్కునే గది, చిట్టచివర పాయఖానా.

మాకు అప్పజెప్పింది ఆ వరసలో మూడు గదులు. ఒక గోడ నిలబడి ఉంది, మిగతావి మోకాలి ఎత్తున ఉన్నాయి. పైన 20వ శతాబ్దంలో ఎవరో ఆస్‌బెస్టాస్ రేకులు వేసి సైకిళ్ళు పెట్టుకున్నారు. ఇంటావిడ దాన్ని షెడ్డనేది. చట్టం అలా అనదు. ఇల్లు రక్షిత కట్టడమైతే, దాని ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడాలన్నీ దానితోపాటే రక్షితాలు. పందుల దొడ్డి అయినా సరే. అందుకే నిలబడ్డ గోడ జోలికి పోకూడదన్నారు, నేల కింద ఉన్నదాన్ని మాత్రం చేత్తో తవ్వి నమోదు చేయమన్నారు.

తవ్వడానికి ముందు కాగితాల పని. ఇంగ్లండు ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళు 1855 నుంచి 1894 దాకా, నాలుగు వేల జనాభా దాటిన పట్టణాలకు 1:500 కొలతలో పటాలు గీశారు. మా వృత్తిలో వాటిని చూసి మురిసిపోని వాళ్ళుండరు. పెరటి మెట్లు, చేతిపంపు, తోటలో నడకదారి, ప్రతి పాయఖానా చదరం కనిపిస్తాయి వాటిలో. అంతకు వెనక్కి వెళ్ళాలంటే వీలునామాలతోపాటు తయారుచేసిన ఆస్తి జాబితాలున్నాయి. ఇంటాయన చనిపోయాక ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్ళు గది గదికీ తిరిగి సామాను రాసి వెల కట్టేవారు. పడగ్గదిలో మంచం, దుప్పట్లు. వంటింట్లో ఇత్తడి, తగరం. బీరు కాచే గదిలో గంగాళం, తొట్లు, పీపాలు. ఆ జాబితాలు చదువుతుంటే ఒక విషయం స్పష్టంగా కనిపిస్తుంది. వెల కట్టేవాళ్ళు పాయఖానా దాకా ఎప్పుడూ వెళ్ళరు. అక్కడ అమ్ముడయ్యేదేమీ లేదు కదా.

మొదటి రోజు చిన్న యంత్రం వచ్చి పైనున్న కాంక్రీటు తీసేసింది. డ్రైవరు స్టాఫర్డ్‌షైర్ ఆయన, ఆడా మగా తేడా లేకుండా అందర్నీ ‘డక్’ అని పిలుస్తాడు. పళ్ళు లేని బకెట్టుతో, బొటనవేలి మందాన ఒక్కో పొర గీకి తీయగల మనిషి. అలాంటి డ్రైవరు దొరకడం ఏ డాక్టరేటున్న పురావేత్త దొరకడం కన్నా కష్టం. ఇది ఎగతాళికి అనడం లేదు. ఎక్కడ ఆపాలో తెలియని యంత్రం ఒక్క గంటలో వందేళ్ళు ఎత్తి పారేస్తుంది.

యంత్రం వెళ్ళాక తాపీలు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాం. మన దగ్గర తవ్వకం నేర్చుకున్న నాకు ఇక్కడ మొదట్లో చేతులు కట్టేసినట్టుండేది. మన దేశానికి తవ్వకపు పద్ధతి నేర్పింది మార్టిమర్ వీలర్. 1944 నుంచి 48 దాకా భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉండి, తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టి, అరికమేడు, బ్రహ్మగిరి తవ్వి చూపించాడు. స్థలాన్ని చదరపు గళ్ళుగా కొలిచి, గడికీ గడికీ మధ్య గట్టు వదిలి, ఆ గట్టు నిలువు ముఖంలో పొరలు చదవడం ఆయన పద్ధతి. మన సైట్లలో ఇప్పటికీ ఆ గళ్ళే. ఆయన దేశంలో మాత్రం వాటిని ఎప్పుడో వదిలేశారు. గట్టు కింద ఏముందో గట్టు తీసేదాకా తెలియదు. గోడ సగం గట్టులో ఇరుక్కుపోతే ఇంటి రూపమే అర్థం కాదు. ఇక్కడ మొత్తం స్థలాన్ని ఒకేసారి తెరిచి, చివరిగా పడ్డదాన్ని ముందుగా తీసుకుంటూ కిందికి పోతారు. ఒక గోడ, ఒక గచ్చు, ఒక గుంట, ఆ గుంట నింపిన మన్ను, ప్రతిదానికీ ఒక నంబరు, ఒక కాగితం, ఒక బొమ్మ. ఏది దేనికి ముందు, ఏది దేనికి తర్వాత అన్నది డబ్బాలూ గీతలతో ఒక పట్టికగా వేస్తాం. ఎడ్వర్డ్ హారిస్ 1973లో వించెస్టర్ తవ్వకాల కాగితాలతో కుస్తీ పడుతూ కనిపెట్టిన పట్టిక అది, ఆయన పేరుతోనే పిలుస్తారు. రాజుల పేర్లతో, శతాబ్దాలతో దానికి పనిలేదు. ముందూ వెనకా తేలితే చాలు, తేదీలు తర్వాత చూసుకోవచ్చు.

మధ్య గదిలో ముందు బయటపడింది ఇటుకల గచ్చు. మూలన అర్ధచంద్రాకారంలో ఒక ఇటుక దిమ్మె, దాని కింద పొయ్యి నోరు, గోడలోకి పొగదారి, మసి. గంగాళం ఎప్పుడో అమ్ముకున్నారు, దాన్ని కూర్చోబెట్టిన దిమ్మె మిగిలింది. సోమవారం సోమవారం నీళ్ళు మరిగించి ఇంటిల్లిపాది బట్టలూ ఉడకబెట్టిన చోటు. గచ్చు వాలు చూసుకుంటూ పోతే గోడ వారగా ఒక చిన్న మోరి. దాని అడుగున పేరుకున్న నల్లటి బురదను మామూలుగా పారేస్తే ఎవరూ తప్పుపట్టరు. మేం జల్లెడ పట్టాం. ఎముక బొత్తాలు, ముత్యపు చిప్ప బొత్తాలు, గుండుసూదులు, కుట్టుపనివాళ్ళు వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు ఒకటి, విరిగిన దువ్వెన పళ్ళు. ఎవరి బొత్తాలో ఏ కాగితంలోనూ లేదు. ఉతికింది ఆ ఇంటివాళ్ళు కాదని మాత్రం చెప్పగలను. 1851 జనాభా లెక్కల్లో అలాంటి ఇళ్ళ పేర్ల కింద ‘పనిమనిషి’ అని ఒకటో రెండో వరసలుంటాయి, పదిహేను, పదహారేళ్ళ వయసు, పుట్టిన ఊరు దగ్గర్లోని ఏదో పల్లె. గచ్చు మీద పొయ్యి ముందర రెండు ఇటుకలు మిగతావాటికంటే లోతుగా అరిగి ఉన్నాయి. అక్కడ నిలబడింది వాళ్ళే. ఆ గచ్చు బొమ్మ గీసినప్పుడు ఆ రెండు ఇటుకల మీద అరుగుదల లోతు మిల్లీమీటర్లలో రాశాను. సూపర్‌వైజరు ఇదెందుకన్నాడు. రిపోర్టులో ఉంచాడు.

బట్టలకు పెట్టే నీలిమందు ముద్దలు కూడా దొరుకుతాయి ఇలాంటి గదుల్లో. 19వ శతాబ్దంలో దాన్ని ఊరూరా అమ్మిన హల్ పట్టణపు రెకిట్ కంపెనీయే మన ఇళ్ళలో రాబిన్ బ్లూగా వాడింది తయారుచేసింది. నాకు మాత్రం ఈసారి ఆ మోరి అడుగున నీలం మరక తప్ప ముద్ద దొరకలేదు.

గచ్చు ఇటుకలు లేపితే దాని కింద ఇసుక పరుపు. ఆ ఇసుకలో అరిగిపోయిన ఒక అర్ధపెన్నీ, మూడో జార్జి తల, 1775. కొత్తవాళ్ళు ఇలాంటిది దొరగ్గానే గచ్చు వేసింది 1775లో అంటారు. నాణెం చెప్పేది అది కాదు. ఆ ఏడు కంటే ముందు ఈ గచ్చు వేయలేదు, అంతవరకే దాని సాక్ష్యం. ఆ కాలంలో చిల్లర రాగి నాణేలు కరువై జనం దొంగ నాణేలతోనే దశాబ్దాలపాటు గడిపారు. ఇంత అరిగిన నాణెం ఎంతకాలం చేతులు మారి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఇసుక కింద ఇంకో గచ్చు, ఈసారి నిలువుగా పేర్చిన సన్నటి ఇటుకలది. ఇంకో దిమ్మె, ఇంకా పెద్దది. మట్టి నమూనాలో మాడిన బార్లీ గింజలు. అది బీరు గది. ఈ దేశంలో అప్పట్లో పెద్దా చిన్నా తాగింది ఇంట్లో కాచుకున్న పలచటి బీరు. తర్వాత్తర్వాత కాచడం మానుకుని బయట కొనుక్కోవడం మొదలెట్టాక అదే గదిలో, అదే పొగదారికి కొత్త దిమ్మె కట్టి బట్టలు ఉడకబెట్టారు. మిడ్‌లాండ్స్‌లో ముసలివాళ్ళు ఉతికే గదిని ఇప్పటికీ బ్రూహౌస్ అనే అంటారు.

ఇటుకల కొలతలు చూసి తేదీ చెప్పొచ్చా అని ఇంటావిడ అడిగింది. కొంతవరకు. పాతవి పలచన, రెండంగుళాల పైచిలుకు మందం. 1784లో ఇటుకల మీద వెయ్యికి ఇంతని పన్ను వేశారు, 1850 దాకా ఎత్తేయలేదు. పన్ను ఇటుకకు కాబట్టి కొందరు ఇటుకనే పెద్దది చేశారు. కానీ పెరటి గోడలకు ఎవరూ కొత్త ఇటుక కొనరు. ముందువైపు పడగొట్టింది వెనక్కి వస్తుంది. ఆ గోడలో పలచటిదీ మందమైనదీ, సగానికి విరిగినదీ, ఒక నునుపు రాయీ పక్కపక్కనే ఉన్నాయి. అలాంటి గోడను ఇటుకలతో లెక్కేస్తే ఇల్లు కట్టకముందే పెరడు కట్టారని తేలుతుంది.

ఇక చివరి గది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఇటుకలతో కట్టిన గుంట, పైన రెండు కన్నాల చెక్క కూర్చున్న గూళ్ళు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఏర్పాటు అది. నవ్వొచ్చినా అప్పట్లో మామూలే, ఒకటి పెద్దవాళ్ళకు, ఒకటి పిల్లలకు. వెనక గోడ అడుగున, సందు వైపుకి, మోకాలి ఎత్తున కమానులాంటి ఒక రంధ్రం ఇటుకలతో మూసేసి ఉంది. మా బృందంలో కొందరు వాననీటి తూము అన్నారు. నేను కరీంనగర్‌లోనూ హైదరాబాద్ పాతబస్తీలోనూ అలాంటివి చూశాను. పాయఖానా ఎత్తేవాళ్ళు ఇంట్లోకి అడుగు పెట్టకుండా, వెనక సందులోంచి చెయ్యి పెట్టి తీసుకెళ్ళే దారి. మన దగ్గర ఆ సందులో నడిచే మనిషి ఎవరన్నది పుట్టుకతోనే నిర్ణయమయ్యేది. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది, అయినా ఆ పని పూర్తిగా పోలేదు. ఇక్కడ అది కులం కాలేదు. రాత్రిపూట బండేసుకుని వచ్చేవాళ్ళు, మామూలు కూలీ కంటే ఎక్కువ తీసుకునేవారు, ఎత్తినదాన్ని రైతులకు ఎరువుగా అమ్ముకునేవారు. తేడా చిన్నది కాదు. కమాను మాత్రం ఒకటే, ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే.

ఆ ఎరువు సంగతి మాకు బాగా పనికొస్తుంది. ఇంగ్లండు పల్లెల్లో దుక్కి దున్నిన ఏ పొలంలో నడిచినా నీలం పూల పింగాణీ ముక్కలు, మట్టి చిలుముల ముక్కలు కనిపిస్తాయి. అక్కడ ఇళ్ళుండేవని కాదు. పట్టణం పాయఖానాల్లోంచి బండ్లలో వచ్చాయవి. మా ఊళ్ళో పాటిగడ్డ మన్ను బలమైనదని రైతులు బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్ళు. వాళ్ళ చేలల్లో శాతవాహనుల పెంకులు దొరకడానికి కారణం అదే. పొలంలో పెంకులు చూసి ‘ఇక్కడ ప్రాచీన గ్రామం’ అని రాసేముందు ఎవరి తాత ఎక్కడినుంచి మన్ను తోలాడో అడగాలి.

గుంట పైభాగం అంతా చెత్తతో నింపారు. మురుగు గొట్టం వీధిలోకి వచ్చాక, పాత గుంటతో పని తీరిపోయి, ఇంట్లో పాతబడ్డ సామానంతా తెచ్చి పోసి మూసేశారు. ఇలాంటి నింపుడు మాకు పండగ. వడ్డించే పళ్ళేలు, నీలం బొమ్మల గిన్నెలు, జాక్‌ఫీల్డ్ వైపు చేసిన నల్లని మెరుపు టీ కెటిల్ మూతి, మందు సీసాలు, సీసపు బొమ్మ సైనికుడు, దాదాపు పగలకుండా మూడు చాంబర్‌పాట్లు. ఇంతకీ నాకు కేకపెట్టాలనిపించింది మాత్రం ఆకుపచ్చ గాజు మెడ ఒకటి చూసి. మెడలో రెండు నొక్కులు, మధ్యన ఇరుక్కున్న గోళీ. గోళీసోడా! హిరామ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. పుట్టిన దేశంలో ఎప్పుడో కనుమరుగై మన బస్టాండుల్లో బతికింది. పక్కనున్న కుర్రాడికి దాన్ని బొటనవేలితో ఎలా కొట్టాలో, ఎలాంటి చప్పుడొస్తుందో చెబితే నమ్మలేదు. వాళ్ళ దగ్గర పిల్లలు గోళీల కోసం సీసాలు పగలగొట్టేవారట, అందుకే గోళీతో సహా దొరకడం అపురూపం. దాన్నిబట్టి గుంట మూసింది 1872 తర్వాతే. 1848లోనే ప్రజారోగ్య చట్టం వచ్చింది గానీ, చట్టానికీ పెరటికీ మధ్య పాతికేళ్ళు పట్టిందన్నమాట.

దాని కింద అసలు సరుకు. పచ్చగా, మెత్తగా, జిగటగా ఉండే మన్ను, మధ్యమధ్య సున్నం చల్లిన తెల్లటి పొరలు. వాసన వేస్తుందా అని అందరూ అడుగుతారు. వేయదు, తడి నేల వాసనే. నలభై లీటర్ల చొప్పున బకెట్లకెత్తి డిపోకు తీసుకెళ్ళి నీళ్ళలో కలిపి, మూడు వందల మైక్రాన్ల జల్లెడలోంచి పోనిస్తాం. ఫిబ్రవరిలో ఆ నీళ్ళలో చేతులు పెట్టడం గురించి చెప్పను. అత్తి గింజలు, ద్రాక్ష గింజలు, స్ట్రాబెర్రీ, నేరేడులా ఉండే బ్లాక్‌బెర్రీ, చెర్రీ టెంకలు వచ్చాయి. ఇవి కుళ్ళకుండా మిగలడానికి కారణం మనిషి మలంలోని ఫాస్ఫేటు, పైన చల్లిన సున్నం. రెండూ కలిసి గింజలోకి ఇంకి దాన్ని రాయిగా మార్చేస్తాయి. సూక్ష్మదర్శినిలో నులిపురుగుల గుడ్లు, కొరడాపురుగుల గుడ్లు లెక్కలేనన్ని. ఆ హుందా తలుపులోంచి వచ్చీపోయేవాళ్ళందరి కడుపులోనూ పురుగులుండేవి. యజమానులకూ పనిమనిషికీ ఈ విషయంలో తేడా లేదు, గుంట ఒకటే.

అడుగున చిలుము ముక్కలు. తెల్లమట్టి చిలుములు ఆ రోజుల్లో తాగి పారేసే వస్తువులు, కొద్దిరోజుల్లో విరిగిపోయేవి, అందుకే వాటిలా తేదీ చెప్పేది ఇంకోటి లేదు. 17వ శతాబ్దం మొదట్లో పొగాకు ఖరీదెక్కువ, గిన్నె చిటికెన వేలి కొన పట్టేంత చిన్నది. పొగాకు చవకయ్యేకొద్దీ గిన్నె పెరిగింది. సెవెర్న్ ఒడ్డున బ్రోస్లీ అనే ఊళ్ళో చేసేవాళ్ళు మడమ మీద తమ పేరు పూర్తిగా అచ్చుకొట్టేవారు. మాకు దొరికినదాని మీద సగం పేరే చదవగలిగాం, నిపుణుడికి అది చాలింది.

తెరిచిచూస్తే ఇంత ఉన్న చోటును ఒకప్పుడు ఈ దేశపు పురావేత్తలే యంత్రంతో చెక్కేసేవారు. కింద రోమన్లు ఉన్నారు, మధ్యయుగపు సన్యాసులు ఉన్నారు, పైనున్న 18వ శతాబ్దపు ఇటుక అడ్డం అని. ఆ కాలం కూడా చదవదగ్గదే అని పట్టుబట్టినవాళ్ళు ఒక సంఘం పెట్టుకుని పత్రిక మొదలెట్టింది 1967లో. అక్కణ్ణుంచి యాభై ఏళ్ళు పట్టింది, కేంబ్రిడ్జిలో క్లాపమ్ అనే దంపతులు నడిపిన కాఫీ హౌసు నేలమాళిగలో దొరికిన అయిదు వందల పైచిలుకు వస్తువుల మీద పూర్తి అధ్యయనం అచ్చుకావడానికి. టీపాట్లు, కప్పులు, వైను గ్లాసులు, ఎముకలు, 1770లలో మూసేసిన దుకాణం సామాను మొత్తం. పక్కనే కాలేజీల చరిత్ర మీద ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కలేదు. విద్యార్థులు ఏం తాగారో తెలిసింది ఈ నేలమాళిగ వల్ల.

ఇళ్ళ పాయఖానా గుంటను ఓపిగ్గా తవ్వి, ఇటుక ఇటుకా పరీక్షించి, కొలిచి రాసిన పని లండన్‌లో మా వృత్తి పుట్టకముందే ఒకసారి జరిగింది. 1854లో సోహో ప్రాంతంలో కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా పోయారు. బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళే కారణమని జాన్ స్నో అన్నాడు, చాలామంది నమ్మలేదు. మరుసటి ఏడు 40వ నంబరు ఇంటి గుంటను విప్పి చూశారు. ఇటుకల పేర్పు వదులైపోయింది, పంపు బావికి మూడడుగుల దూరం కూడా లేదు, మధ్యలో మన్నంతా తడిసి ముద్దయింది. ఆ ఇంట్లో జబ్బుపడ్డ పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు తల్లి ఆ గుంటలోనే పోసిందని వీధి చర్చి పాస్టరు హెన్రీ వైట్‌హెడ్ ఇల్లిల్లూ తిరిగి రాబట్టాడు. గుంట గోడ ఎంత వదులుగా ఉందో, దూరం ఎంతో, ఏ పొర తడిగా ఉందో రాసుకోవడం. మా కాగితాల మీద మేం నింపే గడులు ఇవే. నేనైతే కొత్తగా చేరిన పిల్లలకు రోమన్ విల్లాల కంటే ముందు ఈ కథ చెబుతాను.

మన దగ్గర 1958 నాటి చట్టం ప్రకారం వందేళ్ళు దాటి, చారిత్రకంగానో పురావస్తుపరంగానో కళాపరంగానో విలువున్న కట్టడమేదైనా ప్రాచీనం కిందికి రావచ్చు. చట్టానికి అభ్యంతరం లేదు, మనకే మనసు రాదు. మన తవ్వకాలు స్తూపాల దగ్గరకి, శాతవాహనుల కోటల దగ్గరకి పోతాయి. ఈస్టిండియా కంపెనీ బందరులో 1611లో అడుగుపెట్టింది. బందరు అద్దకం గుడ్డలు ఇంగ్లండులో ఎంత మోజు పుట్టించాయంటే, ఇక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టి 1721లో పార్లమెంటు చేత వాటి వాడకాన్నే నిషేధింపజేశారు. నేను తవ్విన ఉతికే గదుల్లాంటివాటిలో ఆ గుడ్డలూ తడిశాయి, కానీ నూలు మట్టిలో మిగలదు. బందరులో డచ్చివాళ్ళ సమాధులకు రక్షణ ఉంది, రాళ్ళ మీద చెక్కడాలు బాగుంటాయి కాబట్టి. అద్దకం వేసినవాళ్ళ పెరళ్ళలో రంగు తొట్లు, కాచే పొయ్యిలు, పగిలిన కుండలు ఉంటాయి. అపార్ట్‌మెంటు పునాది తీసే ప్రొక్లెయినర్ అంత సన్నగా గీకదు. అక్కడ డక్ అని పిలిచే డ్రైవరు లేడు, కాగితం పట్టుకుని పక్కన నిలబడే మనిషి లేడు, నిలబెట్టమనే ప్లానింగ్ షరతూ లేదు.

తవ్వకం అయిపోయాక పని అయినట్టు కాదు, తవ్విన ప్రతి వారానికీ లోపల ఇంకో రెండు వారాలు. పెంకులు టూత్‌బ్రష్‌తో కడిగి, తూచి, రకం రకంగా విడదీసి, రాసి. ఇటుకలు అన్నీ ఉంచలేం, రకానికొకటి. రిపోర్టు కౌంటీ చారిత్రక రికార్డులో చేరుతుంది, ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరూ చదవరు. పెట్టెలు మ్యూజియానికి ఇవ్వాలి, కానీ చాలా మ్యూజియంలు జాగా లేదని కొత్త పెట్టెలు తీసుకోవడం మానేశాయి. చట్టం దృష్టిలో ‘నిధి’ కిందికి రాకపోతే దొరికిన వస్తువుల మీద హక్కు ఇక్కడ స్థలం యజమానిదే. అందుకని చివర్లో ఇంటావిడ దగ్గరకు ఒక ఫారం పట్టుకుని వెళ్ళాలి, ‘ఇవన్నీ మ్యూజియానికి దానం చేస్తున్నాను’ అని సంతకానికి.

ఆవిడ జాబితా మొత్తం చదివింది. కళ్ళజోడు పైకి తోసుకుని, “మూడు చాంబర్‌పాట్లున్నాయి కదా, ఒకటి నేనుంచుకోవచ్చా?” అంది.

“మీదే, అన్నీ మీవే. మ్యూజియంవాళ్ళకి రెండు చాలు.”

“కొత్త వంటింటి కిటికీలో పార్స్‌లీ మొక్క వేస్తాను.”

అది ఏమిటో తెలిసే అంటోందా, తెలియకా అని నేను తటపటాయించాను. ఆవిడ నా మొహం చూసి నవ్వింది. “నువ్వు టూత్‌బ్రష్‌తో రుద్ది రుద్ది కడగడం కిటికీలోంచి చూశానమ్మాయ్. మా కప్పులు కూడా అంత శుభ్రంగా ఉండవు.”